అన్నయ్య టార్చి పట్టిన మధ్యాహ్నాలు

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం, అన్నం తిని కాస్త నడుం వాలుద్దామనుకుంటున్న వేళ, భిలాయిలోని రిసాలిలో నేను అద్దెకుంటున్న ఈ మేడమీది వాటాకు మెట్లెక్కి ఒక కుర్రాడు వచ్చాడు. పెళ్లీడు దాటుతున్నవాణ్ణి కుర్రాడనకూడదేమో గానీ, నా వయసుకు అందరూ కుర్రాళ్లే. నెహ్రూ నగర్‌లో ఉంటాడట, కంప్యూటర్ ఉద్యోగమట. తెలుగువాళ్ల పిల్లాడే అయినా అతని తెలుగు సగం దూరం వచ్చి ఆగిపోతుంది, మిగతా సగం హిందీలో నడవాలి. తుక్కు దుకాణాల్లో పడి ఉన్న పాత వీడియో గేమ్ మెషీన్లు కొని బాగుచేసుకోవడం అతనికి సరదాయట. ఎవరో పాత టీవీ మెకానిక్ నా సంగతి చెప్పాడని, తువ్వాల్లో చుట్టి తెచ్చిన సర్క్యూట్ బోర్డొకటి పసిపిల్లను అప్పగించినంత జాగ్రత్తగా నా చేతుల్లో పెట్టాడు. తువ్వాలు విప్పీ విప్పగానే వాసన ముక్కుకు తగిలింది. కాలిన చిప్పు వాసన. మాడిన పోపూ కరిగిన ప్లాస్టిక్కూ కలిసినట్టుండే ఆ వాసన ఎన్నాళ్లకు పీల్చానో! పిల్లాడు ఆంటీ ఆంటీ అంటూ ఏదో చెప్పుకుపోతున్నాడు గానీ, నాకు మాత్రం ఒక్కసారిగా మా అన్నయ్య కళ్ల ముందు నిలబడ్డాడు.

ఆ బోర్డు బాగుచేసి ఇచ్చేశాను, అతను పట్టుకుపోయాడు, అక్కడికి ఆ పని అయిపోయింది. అన్నయ్య మాత్రం వెళ్లడం లేదు. అందుకే ఇలా రాయడానికి కూర్చున్నాను.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇళ్లల్లోకి కంప్యూటర్లు రాకముందు, బజారు వీధుల్లో వీడియో గేమ్ పార్లర్లని వెలిశాయి. బీరువాలంత చెక్కపెట్టెలు, వాటిలో ఒక టీవీ తెర, కింద పిడీ, నాలుగు మీటలూ. టోకెను వేస్తే ఆట మొదలు. బడి వదలగానే పిల్లలంతా సంచులు భుజాన వేసుకుని అక్కడే తేలేవారు, ఇంట్లో తిట్లు తినేవారు, మర్నాడు మళ్లీ తయారు. మీరు తిట్టిన తల్లుల్లో ఒకరై ఉండొచ్చు. తిట్లు తిన్న పిల్లలకు మెషీన్లు సిద్ధం చేసి పెట్టినదాన్ని నేను. ఆ చెక్కపెట్టె వెనక తలుపు తీస్తే లోపల ఒక పచ్చటి పలక ఉంటుంది, దాని నిండా నల్లటి చిప్పులు గొంగళిపురుగుల్లా వరసగా అతుక్కుని ఉంటాయి. ఆట ఉండేది ఆ పలకలోనే. అది పోతే పెట్టె ఉత్త బీరువా.

నాన్న ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగి. విజయనగరం జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన వందలాది కుటుంబాల్లో మాదీ ఒకటి. అమ్మ నేను నడకలు నేర్చే రోజుల్లోనే పోయింది. నాన్న కూడా పోయాక ఆ ఉద్యోగం అన్నయ్యకిచ్చారు, క్రేన్ల మెయింటెనెన్సులో ఎలక్ట్రీషియన్‌గా. క్వార్టరు ఖాళీ చేసి కోహ్కాలో రోడ్డు మీదికి గదున్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆ ముందుగదిలో, వదిన పేరు మీద, అన్నయ్య మూడు మెషీన్లతో పార్లరు పెట్టాడు. అప్పటికి నేను ఐటీఐలో రేడియో-టీవీ ట్రేడు పూర్తిచేసి ఉన్నాను. మా బ్యాచిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే, సర్టిఫికెట్టు పట్టుకుని ఏ దుకాణానికి వెళ్లినా పని అడగడానికి వచ్చానంటే నమ్మేవారు కాదు, సెట్టు బాగుచేయించుకోవడానికి వచ్చాననుకునేవారు. పెళ్లి సంబంధాలు వచ్చాయి, పోయాయి, కొన్నాళ్లకు రావడం మానేశాయి. అది వేరే కథ, పెద్ద కథేమీ కాదు. మొత్తానికి నేను ఒంటికాయ సొంఠికొమ్ములా ఆ ఇంట్లో మిగిలాను. అన్నయ్య గానీ వదిన గానీ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోయినా, ఇంకొకరి వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో అడిగి తెలుసుకునే బతుకు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

మెషీన్లు వచ్చాక నాకొక చోటు దొరికింది. వెనక గదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద నా సోల్డరింగ్ ఐరన్, మీటరు, ఒక పాత టీవీ. బోర్డు పాడైతే ఆ గదికి రావలసిందే. పార్లరు తెరిచి ఉన్నప్పుడు మాత్రం నేను అందులోకి వెళ్లకూడదు. అన్నయ్య డ్యూటీలో ఉన్నప్పుడు వదిన కూర్చునేది, పెళ్లి కాని చెల్లెల్ని మగపిల్లల గుంపులో కూర్చోబెట్టడం అన్నయ్యకు ఇష్టం ఉండేది కాదు. కాబట్టి నేను బతికించిన ఆటలను నేను గోడ ఇవతలి నుంచి వినడమే. ఏ మెషీన్ దగ్గర ఎవడు గెలిచాడో, ఎవడు అలిగి వెళ్లిపోయాడో, ఆ కేకల్ని బట్టి చెప్పేయగలిగేదాన్ని. ఒక్కడి మొహం కూడా తెలియదు.

అన్నయ్య నాకంటే చాలా పెద్దవాడు. చెడ్డవాడు కాదు, కోపిష్ఠి అంతకన్నా కాదు, కానీ మాటలు మహా పొదుపు. అన్నం తిన్నావా అంటే తిన్నాను, అంతే. నాన్న పోయాక మరీ ముక్తసరిగా తయారయ్యాడు. నేనూ భయపడి దగ్గరికి పోయేదాన్ని కాదు. అలాంటి మనిషి, పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, భోంచేసి, పార్లరు తెరిచే సాయంత్రం వేళ దాకా నా గదిలోకి వచ్చి కూర్చునేవాడు, ఏదైనా బోర్డు పాడైతే. ఆ బల్ల మీద వెలుతురు చాలదు, చిప్పుల కాళ్లేమో ఆవగింజలంత. టార్చి పట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి అన్నయ్య. నేను ఐరన్‌తో ఒక్కో కాలూ విడదీస్తుంటే, తను స్టూలు మీద కూర్చుని, వెలుగు కదలకుండా పట్టుకుని, చూపు బోర్డు మీద పెట్టి, నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టేవాడు.

అవి ఎంత గొప్ప మాటలని కాదు. మిల్లులో క్రేన్ ఎలా ఆగిపోయిందో, పైకెక్కి తను ఏ తీగ కలిపాడో చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ఎక్కడో అమ్మ మాట వచ్చేది. అమ్మ భిలాయి వచ్చిన కొత్తల్లో, ప్లాంటులో నిప్పులా కరిగిన ఇనప చిట్టెం పారబోసినప్పుడు ఆకాశం ఎర్రబడితే ఊరు తగలబడుతోందనుకుని పెట్టె సర్దేసిందట. హిందీ రాక కూరగాయలవాడితో సైగలతో బేరమాడేదట, అయినా ఓడిపోయేది కాదట. నాకు జ్వరమొస్తే భుజాన వేసుకుని ఏదో కూనిరాగం తీసేదట. అమ్మ మొహం ఫొటోలో తప్ప ఎరగనిదాన్ని, ఆ ముక్కల కోసం చెవి కోసుకునేదాన్ని. బోర్డు మీదినుంచి తల ఎత్తేదాన్ని కాదు. తలెత్తి చూస్తే మనం మాట్లాడుకుంటున్నామన్న సంగతి ఆయనకు గుర్తొచ్చి ఆపేస్తాడు. మామూలు వేళల్లో అడిగితే, ఏమో నాకు గుర్తులేదు అనేవాడు. ఆ మధ్యాహ్నాలే నాకు పుట్టిల్లు. ఈ మాట అప్పుడు అనుకోలేదు, ఇప్పుడంటున్నాను.

ఒక వేసవి సెలవుల మొదట్లో, పిల్లలు తలుపు ఎప్పుడు తీస్తారా అని రోడ్డు మీద పడిగాపులు పడే రోజుల్లో, మా కొంప మునిగింది. మూడు మెషీన్లలో పిల్లలు ఎగబడి ఆడేది ఒకటే, మిగతా రెండూ దాని దగ్గర చోటు దొరకనివాళ్ల కోసం. ఆ మెషీన్ ఉన్నట్టుండి చీకటైపోయింది. నేను వంటింట్లో ఉన్నాను. నన్ను పిలవడమెందుకు, తీగల పని తనకు తెలిసిందే కదా అని అన్నయ్య వెనక తలుపు తీశాడు. ఆయనకు తెలిసిన తీగలు ప్లాంటువి. ప్లాంటులో ఎరుపు, పసుపు, నీలం అంటే మూడు ఫేజులు, మూడూ సమానమే. క్వార్టర్లలో పెరిగిన మనందరికీ తెలిసిన సంగతే, ఒక ఫేజు పోయి సగం ఇల్లు చీకటైతే ఇంకో ఫేజు మీదికి మార్చుకుంటే లైట్లు వచ్చేస్తాయి. అన్నయ్య బయటా ఇంట్లోనూ అదే పని ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. మెషీన్లో కూడా ఎర్ర తీగ, పసుపు తీగ ఉన్నాయి. ఎర్రదాంట్లో కరెంటు రావడం లేదు, పసుపుదాంట్లో వస్తోంది. ఇంకేం కావాలి! కానీ ఆ పెట్టెలో ఎరుపంటే అయిదు వోల్టులు, పసుపంటే పన్నెండు. బోర్డు అయిదుతో బతికే ప్రాణి. పన్నెండు పోస్తే ఏమవుతుంది? వంటింట్లోకి వాసన వచ్చింది, ఆ వెనకే అన్నయ్య వచ్చాడు. రెండు చేతులతో బోర్డు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రెడ్డు ఫేజు పోయిందనుకున్నానే. ఎల్లో మీదకి మార్చీసేను."

నేను బోర్డు అందుకుని నా బల్ల మీద పెట్టాను. క్రేన్ల దగ్గర అంత పేరున్న మనిషికి తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు భోజనాల దగ్గర వదినతో, మెషీన్లన్నీ తుక్కువాడికి ఇచ్చేద్దాం, మనకెందుకొచ్చిన గోల, డ్యూటీ చేసుకుంటూ పడుండొచ్చు అన్నాడు. వదిన సరేనంది, ఆమెకు ఆ గోల ఎప్పుడూ నచ్చలేదు. పార్లరు పోతే వాళ్లకు ఒక తలనొప్పి తగ్గుతుంది. నాకు బల్ల పోతుంది, టార్చి పోతుంది, అమ్మ పోతుంది. అయినా పైకి ఏమని అడగను? కొన్నాళ్లు ఆగన్నయ్యా, ఒకసారి చూస్తాను అని మాత్రం అనగలిగాను. నీ ఇష్టం, అది ఇంక లేచేది కాదులే అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన నా గదికి రాలేదు.

మొదటి కొన్ని రోజులు ఒక్కదాన్నే కూర్చున్నాను. టార్చిని రెండు పుస్తకాల మధ్య ఇరికించి పని మొదలుపెట్టాను. ఎర్ర తీగ ఎందుకు చచ్చిందో ముందు చూశాను. పవర్ సప్లైలో స్క్రూ వదులై, వేడికి మాడి కూర్చుంది, అంతే. ఆ ఒక్క స్క్రూ బిగిస్తే సరిపోయేదానికి ఇంత రామాయణం. ఇక బోర్డు. కాలిన చిప్పు పగిలి కనిపిస్తే సుఖమే. చచ్చిపోయి కూడా కిక్కురుమనకుండా కూర్చునేవి ఉంటాయి, వాటితోనే తంటా. కరెంటిచ్చి ఒక్కోదాని మీదా వేలు పెట్టి చూడాలి, చుర్రుమన్నది పోయినట్టే. అనుమానం ఉన్నదాని నెత్తిన అలాంటిదే మంచి చిప్పు పెట్టి అదిమి పట్టుకుని, తెరలో ఏమైనా మార్పు వస్తుందేమో చూడాలి. పోయినదాని కాళ్లు కత్తిరించి, ఒక్కోటీ ఊడబెరికి, రంధ్రాలు శుభ్రం చేసి కొత్తది కూర్చోబెట్టాలి. మామూలు చిప్పులు రాయపూరులో దొరుకుతాయి. దొరకనిది ఒక్కటే, ఆట రాసి ఉన్న చిప్పు. దాని నెత్తి మీద చిన్న గాజు కిటికీ, దాని మీద కాగితం అంటించి ఉంటుంది. అది గనక పోతే దేశం మొత్తం తిరిగినా ఆ ఆట మళ్లీ రాయించుకునే దారి మాకు లేదు. అది బతికుందో లేదో తెలియాలంటే దాని చుట్టూ ఉన్నవన్నీ ముందు బతకాలి. అంటే చివరి చిప్పు మార్చేదాకా నేను చేసేదంతా గాల్లో దీపమే.

వదిన వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఎందుకమ్మాయ్ కళ్లు పోగొట్టుకుంటావు అనేది. ఎందుకో చెబితే నవ్వుతుందేమోనని చెప్పలేదు. అన్నయ్య మాత్రం ఒకరోజు ఏమీ అనకుండా వచ్చి, పుస్తకాల మధ్య ఇరికించిన టార్చి తీసుకుని, స్టూలు మీద కూర్చున్నాడు. మాటలేమీ లేవు. మర్నాడూ అంతే. ఆ పై రోజు, నేనొక మొండి కాలు పీకలేక అవస్థపడుతుంటే, అమ్మ కూడా ఇంతేనే, సూదిలో దారం ఎక్కకపోతే పొద్దున్నించీ అదే పట్టుకు కూర్చునేది అన్నాడు. నాకు కళ్లు మసకబారి బోర్డు కనిపించలేదు. పొగ తగిలిందని చెప్పాను.

చివరికి ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, బోర్డును నా పాత టీవీకి కలిపి స్విచ్చి వేశాను. తెర నిండా చెత్త అక్షరాలు, విరిగిన గాజుపెంకుల్లాంటి ముక్కలు. ఆట చిప్పు పోయిందనే అనుకున్నాను. అన్నయ్య టార్చి కాస్త వంచి, ఆ మూల చిప్పు సరిగ్గా కూర్చున్నట్టు లేదేమో చూడమన్నాడు. నిజమే, ఒక కాలు లోపలికి మడతపడి ఉంది. సరిచేసి మళ్లీ వేశాను. తెర ఒక్క క్షణం నల్లబడి, రంగులతో తెల్లారినట్టు విచ్చుకుంది. పార్లరు గోడకవతల విన్న ఆ సంగీతం నా బల్ల మీద వినిపించింది.

"బతికిందేటి?"

"బతికిందన్నయ్యా."

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. మా ఇళ్లల్లో అది మామూలు సంగతి కాదు.

పార్లరు నిలబడింది. అయితే నాకు ఇంకో పని మిగిలింది. అన్నయ్యకు ఆ చూపు మళ్లీ రాకూడదు, గుమ్మంలో అలా నిలబడకూడదు. ఈసారి జాగ్రత్తగా ఉంటాన్లే అన్నాడు గానీ, జాగ్రత్త ఎన్నాళ్లుంటుంది? రంగు కనిపిస్తే ఆ చేతికి ఫేజే గుర్తొస్తుంది, ఆ చేతిది తప్పు కాదు, రోజంతా చేసే పని అది. కాబట్టి రంగే లేకుండా చేశాను. మూడు మెషీన్లలోనూ పవర్ సప్లై నుంచి బోర్డుకు వెళ్లే తీగలన్నీ పీకేసి తెల్ల తీగలు వేశాను. స్క్రూలు తీసేసి ప్లగ్గులు పెట్టాను, ఒకదానికి మూడు కాళ్లు, ఒకదానికి నాలుగు, ఒకదాని నోట్లోకి ఇంకొకటి చచ్చినా దూరదు. బోర్డు చివర గుచ్చే పెద్ద ప్లగ్గు తిరగేసి గుచ్చకుండా మధ్యలో ఒక ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టి, బోర్డుకు అక్కడ గాడి కోశాను. పెట్టె వెనక చీకట్లో తడిమినా తెలిసేలా, మల్లెపూలు కట్టే దారంతో అయిదు వోల్టుల తీగకు ఒక ముడి, పన్నెండుకు రెండు ముళ్లు కట్టాను. చదువుకున్న ఇంజనీర్లు చూస్తే నవ్వుతారు, అన్నీ తెల్ల తీగలేమిటని. నవ్వుకోనీ. ఆ మెషీన్లలో తప్పు చేద్దామన్నా చేయడానికి వీల్లేదు.

నేను చేసిన పనుల్లో అంత బాగా కుదిరినది నా జీవితంలో ఇంకోటి లేదు. ఆ తర్వాత ఒక్క బోర్డు కాలలేదు. వేసవి వెళ్లింది, వానలు వచ్చాయి, పిడులు అరిగితే, మీటలు ఊడితే అన్నయ్యే అక్కడికక్కడ బిగించుకునేవాడు. నా బల్ల మీద దుమ్ము పడటం మొదలైంది. గోడ అవతల కేకలు, ఇవతల నేను. పాపిష్ఠి ఆలోచనే గానీ చెప్పకపోతే ఎలా, ఒక్కో మధ్యాహ్నం అన్నయ్య షిఫ్టు దిగి సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినగానే, దేవుడా ఏదో ఒకటి చెడిపోనీ అనుకునేదాన్ని. ఏదీ చెడిపోలేదు. నా చేత్తో నేనే అంత గట్టిగా చేశాను మరి. ఒక ముడి విప్పేసి ఊరుకోవచ్చు కదా అని మీరనొచ్చు. చేతులు రాలేదు.

అలాంటి రోజుల్లో ఒకనాడు, అన్నం తిన్నాక, అన్నయ్య నా గది గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. కాసేపు నిలబడి, లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. బల్ల వంక చూశాడు.

"ఏటే, ఏదీ పాడవ్వనేదేటి?"

లేదన్నయ్యా, అన్నీ బాగానే ఉన్నాయి అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను కూడా. మంచిదే అన్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఇంకాసేపు కూర్చున్నాడు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియనట్టుంది. అమ్మ సంగతి ఏదైనా చెప్పన్నయ్యా అందామని నాలుక చివరిదాకా వచ్చింది, వట్టి చేతులతో అడగడానికి సిగ్గేసింది. సరే అయితే అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

కొన్నేళ్లకు పార్లర్ల కాలమే అయిపోయింది. మెషీన్లు ఆడుతుండగానే అమ్మేశాం, ఏ తీగా తప్పు కలిసి కాదు. అన్నయ్య రిటైరయ్యాడు, తర్వాత గుండెజబ్బుతో పోయాడు. వదిన కూతురి దగ్గర రాయపూరులో ఉంది. నేను టీవీ దుకాణాల పని తెచ్చుకుని చేసుకుంటూ ఇలా రిసాలి చేరాను. ఇప్పుడు ఏది పాడైనా ఎవరూ విప్పి చూడరు, కొత్తది తెచ్చుకుంటారు. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు, వస్తువులు బాగా ఉంటే మంచిదే కదా.

మొన్న ఆదివారం ఆ నెహ్రూ నగర్ కుర్రాడు ఫోను చేశాడు. మళ్లీ ఏం కాలిందో అని నా ప్రాణం ఉసూరుమంది, ఏం పాడైంది బాబూ అని అడిగాను. కుఛ్ నహీ ఆంటీ, ఊరికే చేశాను అన్నాడు. ఏం తిన్నారని అడిగాడు, ఎండ గురించి మాట్లాడాడు, పెట్టేశాడు. ఈ కాలపు పిల్లలకు అది ఎంత తేలిక! మన తరం మగవాళ్లకు చేతిలో పనిముట్టు లేకుండా ఇంకో మనిషి పక్కన కూర్చోవడం రాదు, మనకేమో వాళ్లను కూర్చోమనడం రాదు. ఆ మధ్యాహ్నం మా అన్నయ్య ఊరికే వచ్చాడు. ఏదీ పాడవలేదని చెప్పి నేను పంపించేశాను.